మంత్రి గారూ, మా గోల్ పోస్టు సంగతి

ఫిజీ యువజన, క్రీడల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను బా పట్టణం దగ్గర, చెరకు తోటల మధ్య ఉన్న ఒక బడిలో లెక్కల మాస్టారిని. సొంతూరు గుంటూరు. ఈ 2016 వెళ్ళిపోయేలోపు మీ చెవిన ఒక మాట వేద్దామని రాస్తున్నాను.

ఫిబ్రవరి 20 రాత్రి విన్‌స్టన్ తుపాను దేశంలో 44 మందిని పొట్టన పెట్టుకుంది. మా బడి రేకులు ఎక్కడో చెరకు తోటలో దొరికాయి. ఆటస్థలంలో టెంట్లు వేసి పాఠాలు చెప్పాం. రగ్బీ పోస్టు ఒకటి నేలకు వంగిపోతే పిల్లలు దాని మీద తడిసిన యూనిఫారాలు ఆరేసుకునేవారు.

ఆగస్టు 12 పొద్దున పదింటికి రియో ఒలింపిక్స్‌లో మన ఫిజీ ఆడే రగ్బీ సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) ఫైనల్. అక్కడ ఇంకా 11వ తేదీ సాయంత్రమే. కొట్టు ముందు చిన్న టీవీ పెట్టారు. మా వైపు ఫుట్‌బాల్ పిచ్చి ఎక్కువ. అయినా ఆ రోజు నాయుళ్ళూ, ఇతౌకెయ్ (ఫిజీ మూలవాసుల) పెద్దలూ ఒకే కొబ్బరి చిప్పతో కావా అనే వేరు పానీయం అందించుకుంటూ కూర్చున్నారు. సగం ఆటకే 29-0. చివరికి 43-7, అదీ బ్రిటన్ మీద! తొమ్మిది లక్షల మంది కూడా లేని దేశానికి మొట్టమొదటి ఒలింపిక్ పతకం. అది వేసింది బ్రిటన్ యువరాణి ఆన్; మన కుర్రాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని అందుకున్నారు. నా పక్కనున్న ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. వాళ్ళ తాత గిర్మిట్ (కూలి ఒప్పందం) మీద మద్రాసులో ఓడెక్కి వచ్చినవాడు.

వారం తిరక్కుండానే ప్రధాని బైనిమరామా జెండా మార్చే ఆలోచన మానుకున్నారు. మంచి పని చేశారు. "జెండా మూలన బ్రిటన్ గుర్తు ఉంటే ఉండనీ మాస్టారూ, దాని మీది డాలులో మా చెరకు ఉంది కదా" అన్నాడు ఆ ముసలాయన.

ఆ గెలుపుకు ఆగస్టు 22న సెలవిచ్చారు. మా పిల్లలు ఆ రోజంతా రగ్బీ ఆడారు, బంతి లేక నీళ్ళు నింపిన ప్లాస్టిక్ సీసాతో, ఆ వంగిన పోస్టు దగ్గరే.

అది ఇంకా అలాగే ఉంది. ఒక ఆఫీసుకు మూడుసార్లు రాశాను. లిస్టులో ఉందన్నారు. ముందు తరగతి గదులే కట్టాలి, కాదనను. బడి సంగతి విద్యాశాఖది అంటారేమో; ఆట మీదే కదండీ! మేం అడిగేది రెండు పోస్టులు, ఒక లారీ మట్టి, రెండు బంతులు. కొలతలు తీసి ఉంచాను. జనవరిలో బడి తెరిచేలోపు సామాను పంపితే గుంతలు మేమే తవ్వుకుంటాం.

ఇట్లు,
ఒక లెక్కల మాస్టారు