బాబాయి నామినేషన్, నా ఓటు

అమ్మా, నాన్నా,

అందరూ బాగున్నారనుకుంటా. రోజూ ఫోన్లో మాట్లాడే పిల్ల ఉత్తరం రాయడమేంటని అమ్మ నవ్వుతుంది, నవ్వనీ. ఫోన్ చేస్తే నాన్న స్పీకర్ పెడతారు, వెనకాల పిన్ని ఉంటుంది, బాబాయి ఉంటాడు, ఇక నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. ఇది మీరిద్దరే చదవండి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టకండి.

డ్యూటీలు మామూలే. నైట్లు అయిపోయాయి, రేపట్నుంచి డే. తింటున్నా, నిద్రపోతున్నా.

అమ్మా, ముందు నీ భయం సంగతి. ఓటేస్తే వీసాకి ఏమన్నా అవుతుందేమో, పొరపాటున లిస్టులో పేరు పడిందేమో, ఎందుకొచ్చిన గొడవ వెళ్ళకు అన్నావు కదా, అయినా వెళ్ళి వచ్చేశా. ఇక్కడ మాంచెస్టర్‌లో కౌన్సిల్ ఎన్నికలు, అంటే మన మున్సిపాలిటీ ఎన్నికల్లాంటివి, ఇవాళే వేశా. ఏమీ కాదు. మనది కామన్వెల్త్ దేశం కాబట్టి వీసా మీద ఉన్నవాళ్ళకి కూడా ఇక్కడ ఓటుంటుంది, అది వాళ్ళ చట్టమే. నిలబడాలంటే మాత్రం పర్మనెంట్‌గా ఉండిపోయే పర్మిషన్ ఉండాలి, కాబట్టి నేను కౌన్సిలర్నయిపోతానని నువ్వేం కంగారుపడక్కర్లేదు. 2023 నుంచి వాళ్ళు ఒప్పుకునే ఫోటో కార్డుల్లో ఏదో ఒకటి చూపించాలని రూలు పెట్టారు, మన పాస్‌పోర్ట్ చూపిస్తే చాలు. టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దావిడ నా ఫోటో చూసి, నా మొహం చూసి, స్కేలు పెట్టి లిస్టులో నా పేరు మీద నిదానంగా గీత గీసింది. లోపల చెక్క బల్ల, దానికి దారం కట్టిన పెన్సిలు, ఇంటూ మార్కు పెట్టి కాయితం మడిచి డబ్బాలో వేసి రావడమే. వేలికి సిరా లేదు. బయటికొచ్చాక ఓటేసినట్టే అనిపించలేదు, వేలు చూసుకుంటే ఖాళీగా ఉంది. ఎవరికేశానో అడగొద్దు. నాన్న నీకు ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా చెప్పారా?

పొరపాటు అన్నావు కాబట్టి గుర్తొచ్చింది, నిజంగానే పొరపాటున పేరు పడిన మనిషి ఈ ఊళ్ళో ఒకప్పుడు ఒకావిడ ఉండేది, లిలీ మాక్స్‌వెల్ అని. చిన్న కొట్టు నడుపుకునేదట. 1867లో ఆడవాళ్ళకి ఓటే లేదు కదా, అయినా ఈవిడ పేరు ఎలాగో లిస్టులోకి వచ్చేసింది. ఆవిడ వెళ్ళి వేసేసింది! అప్పట్లో రహస్యం లేదు, అందరి ముందూ నోటితో పేరు చెప్పాలి, చెప్పింది, చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారట. మరుసటి ఏడు కోర్టు ఆడవాళ్ళకి ఓటు లేదు పొమ్మంది, అది వేరే సంగతి. నాకు ఈ కథ చెప్పింది ఇంటికొచ్చిన క్యాండిడేటే.

ఆవిడ గురించి చెప్పాలి. మొన్నొక ఆదివారం నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నా, మధ్యాహ్నం ఎవరో తలుపు కొట్టారు. పార్సిల్ అనుకుని జుట్టు కూడా ముడేసుకోకుండా తీశా. అరవై ఏళ్ళావిడ, తడిసిన రెయిన్ కోటు, కోటు మీద వాళ్ళ పార్టీ రంగు రిబ్బన్ పువ్వు, చేతిలో అట్టకి క్లిప్ పెట్టిన కాయితాలు, వెనక ఒక కుర్రాడు. అంతే. మైకు లేదు, డప్పులు లేవు, జెండాలు లేవు. నా పేరు తప్పుగా పలికి, ఎలా పలకాలో అడిగి, మళ్ళీ పలికింది. మీ వీధిలో ఇబ్బందేంటి అంది. మా ఇళ్ళ వెనక సందు ఉంది కదా, వీడియో కాల్లో చూపించా, అందులో ఎవరెవరో రాత్రిపూట పాత పరుపులు, సోఫాలు పారేసి పోతారు, అది చెప్పా. చెప్పి తలుపేసుకుందామనుకుంటే, పద చూపించు అంది. చెప్పులేసుకుని వెళ్ళా. ఆవిడ ఆ వానలో వంగి పరుపులకి ఫోటోలు తీసుకుంది, ఏ ఇంటి వెనకో నంబరు రాసుకుంది, ఎన్నాళ్ళ నుంచి ఉన్నాయని అడిగింది. తర్వాత ఏ దేశం, అమ్మానాన్న ఎక్కడ, ఒక్కదానివే ఉంటున్నావా అని అడిగింది. నాకు ఎందుకో గొంతు పట్టేసింది. ఈ ఇంటికొచ్చాక పార్సిల్ వాళ్ళు తప్ప నా కోసం తలుపు కొట్టినవాళ్ళు లేరు నాన్నా.

మరీ ప్రేమ అనుకోకండి, వెళ్ళేముందు మాకు వేస్తావా అని అడిగి, నేను ఆలోచిస్తా అంటే నా పేరు పక్కన ఏదో గుర్తు వేసుకుంది. ఎవరు మనవాళ్ళు, ఎవరు ఊగుతున్నారు, ఎవరు పక్కా అవతలివాళ్ళు అని ఇంటింటికీ లెక్క రాసుకుంటారు, పోలింగ్ రోజు మనవాళ్ళనుకున్నవాళ్ళనే మళ్ళీ గుర్తు చేసి పంపిస్తారు. బూత్ బయట కూడా పార్టీవాళ్ళు కుర్చీలేసుకుని మన ఓటరు నంబరు అడిగి రాసుకుంటారు. చెప్పాలని లేదు, నేను చెప్పాను, వాళ్ళూ చలిలో పాపం.

పరుపులు ఇంకా అక్కడే ఉన్నాయి. ఆవిడ ఇంకా గెలవలేదుగా.

మిగతా పార్టీల వాళ్ళు తలుపు సందులోంచి పాంప్లెట్లు పడేసి పోయారు. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, కొత్తగా లేత నీలం, గుమ్మం దగ్గర కుప్ప. ఒకదాంట్లో మేమే గెలుస్తాం వీళ్ళు గెలవరు అని గీతల బొమ్మ వేశారు, అంకెలకీ గీతల పొడుగుకీ సంబంధమే లేదు, చెల్లికి చూపిస్తే లెక్కల టీచరు కొడుతుంది అంది. ఇంకోదాంట్లో బయటి దేశాల నుంచి వచ్చినవాళ్ళ గురించి రాశారు. అమ్మా, టీవీలో చూసి నువ్వు అడుగుతావని నేనే చెప్తున్నా. చదివిన రోజు ట్రామ్‌లో ఎదురుగా కూర్చున్నవాళ్ళ మొహాలు చూస్తూ కూర్చున్నా, వీళ్ళలో ఎవరికి ఇది నచ్చిందో అని. ఎవరూ నన్నేమీ అనలేదు. హాస్పిటల్లో ముసలివాళ్ళు చెయ్యి పట్టుకుని వదలరు. నేను జాగ్రత్తగానే ఉన్నా, రాత్రిపూట ట్యాక్సీలోనే వస్తున్నా.

ఇక బాబాయి.

ముగ్గురు పిల్లలుంటే మున్సిపల్ ఎన్నికల్లో నిలబడకూడదన్న రూలు 2024లో మన ఆంధ్ర అసెంబ్లీ ఎత్తేసినప్పుడే అనుకున్నా, ఆయన ఆగడని. నోటిఫికేషన్ ఎప్పుడు పడినా నామినేషన్ వేసేస్తానంటున్నాడని, పది లక్షలకి తక్కువ కాదంటున్నాడని, మీరు చెరువు కింది పొలం కాయితాలు బ్యాంకులో పెడదామంటున్నారని చెల్లి చెప్పింది. దాన్ని తిట్టొద్దు, నేనే గుచ్చి గుచ్చి అడిగా. మిగిలింది నన్ను సర్దమంటారని కూడా తెలుసు.

నేను పంపను నాన్నా. పంపలేక కాదు, పంపకూడదనే. అక్కడికెళ్ళి పెద్ద పెద్ద మాటలు నేర్చుకుందని బాబాయి అంటాడు, అననివ్వండి. ఇక్కడ ఎన్నిక ఖర్చెంతో చూడండి. ఇంగ్లండులో కౌన్సిల్‌కి నిలబడితే డిపాజిట్ లేదు, ఆ వార్డు ఓటర్లిద్దరు సంతకం పెడితే నామినేషన్ అయిపోతుంది. ఖర్చు 960 పౌండ్లు, ఆపైన ఓటరుకి 8 పెన్నీలు (పౌండుకి వంద పెన్నీలు), అంతకి మించి పెట్టకూడదు. 12,000 ఓట్లున్న వార్డయితే అన్నీ కలిపి 1,920 పౌండ్లు, మన డబ్బుల్లో రెండు లక్షల పైచిలుకు. అందులోనే పాంప్లెట్లు, తిరుగుడు, అన్నీ.

ఇక్కడంతా గొప్ప అనట్లేదు. మనవాళ్ళు చూస్తే నవ్వుతారు, బూత్ దగ్గర నా ముందు ఒకాయన, ఆయన కుక్క, అంతే క్యూ. ఈ చిన్న ఎన్నికలకి మామూలుగా ముగ్గురిలో ఒక్కరు వస్తే ఎక్కువ. మన వీధిలో అయితే బాబాయి ఆటో పెట్టి నాయనమ్మని కూడా దింపి తెస్తాడు. ఆ జనం, ఆ గోల ఇక్కడ లేదు, ఇవాళ ఆ హాల్లోంచి ఒక్కదాన్నే బయటికొస్తుంటే అదే గుర్తొచ్చింది.

బాబాయి పనికిరాడనీ అనట్లేదు. ఆ వానల్లో కాలవ పొంగినప్పుడు రాత్రంతా మున్సిపాలిటీ వాళ్ళతో మోకాలి లోతు నీళ్ళలో నించున్నది ఎవరు? వీధిలో ఎవరి పింఛను ఆగిందో, ఎవరి కొళాయికి నీళ్ళు రావట్లేదో ఆయన దగ్గర లెక్కుంటుంది. అవన్నీ తెలిసిన మనిషి కవర్లలో నోట్లు పెట్టి పంచాలా? ఓడిపోతే పొలం పోతుంది, గెలిస్తే ఆ పది లక్షలు ఎక్కణ్ణుంచి రాబట్టుకుంటాడు? నా భయం గెలిస్తేనే ఎక్కువ. నోటుపుస్తకం పట్టుకుని ఇప్పట్నుంచే ఇంటింటికీ తిరగమనండి, పాంప్లెట్ల ఖర్చు నేనిస్తా, అంతవరకే. మిగతా డబ్బు చెల్లి ఫీజుకి, నాయనమ్మ కంటి ఆపరేషన్‌కి అనుకున్నాం, అది కదలదు.

కోపం తెచ్చుకోకండి నాన్నా. ఇది రాస్తుంటే నాకే చేతులు ఆడట్లేదు, చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద స్కూల్లో దింపింది ఆయనే. అందుకే మీరు మధ్యలో మాటపడొద్దు, ఆదివారం నేనే బాబాయికి ఫోన్ చేసి చెప్తా, ఆ టైముకి స్పీకర్ మాత్రం పెట్టకండి. పిన్నికి కూడా నేనే చెప్తా.

అమ్మా, షుగర్ టెస్ట్ రిపోర్ట్ ఫోటో తీసి పంపమన్నా, ఇంకా రాలేదు. రేపు ఇక్కడ లెక్కింపు, నేను డ్యూటీలో ఉంటా, సాయంత్రం చూసి ఆ పరుపులావిడ గెలిచిందో లేదో చెప్తా.

మీ
పెద్దమ్మాయి