సెల్యులార్ జైలుకు గంటేనా?

సంపాదకుని గారికి నమస్కారం.

మా క్లాసు ఈమధ్య అండమాన్ టూర్‌కు వెళ్లొచ్చింది. సముద్రం, పడవ ప్రయాణం అన్నీ బాగున్నాయి. కానీ బ్రిటిష్ వాళ్లు స్వాతంత్ర్య సమరయోధులను బంధించిన సెల్యులార్ జైలు దగ్గర మాకిచ్చిన టైము గంట కూడా లేదు. ఆ బాధతోనే రాస్తున్నాను.

1906లో పూర్తయిన ఆ జైలుకు ఏడు విభాగాలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక విభాగంలోని గదుల ఎదుట మరో విభాగం వెనక గోడ వస్తుంది. తోటి ఖైదీ ముఖం కూడా కనబడకూడదని అలా కట్టారు. నేనొక గదిలోకి వెళ్లి నిలబడ్డాను. వెనక గోడకు చేతికందనంత ఎత్తులో చిన్న కిటికీ, అంతే. ఈలోపే "పదండి, షాపింగ్‌కి లేటవుతోంది" అంటూ టూర్ వాళ్లు తొందరపెట్టారు. మనసు చివుక్కుమంది.

అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి వచ్చి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆయన పేరు అక్కడ మాకెవరూ చెప్పలేదు. మన్యం నుంచి అంత దూరం పంపేసిన మన మనిషి గురించి తెలుగు పిల్లలు ఆ గోడల మధ్యే వినాలి కదా!

పగడపు దిబ్బల దగ్గరా ఇదే హడావుడి. అవి ప్రాణులని, నీళ్లు వేడెక్కితే తెల్లబడిపోతాయని మా బయాలజీ మేడమ్ పడవలో చెప్పబట్టి సరిపోయింది.

హైదరాబాద్ స్కూళ్లు, కాలేజీల వారికి నా విన్నపం: టూర్‌కు ముందే ఈ విషయాలపై ఒకటి రెండు క్లాసులు పెట్టండి. జైలుకు కనీసం సగం రోజు కేటాయించండి. షాపింగ్ తగ్గినా పర్వాలేదు.

- ఒక ఇంటర్ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్