శనివారం పొద్దున్న గోడ చూడ్డానికి వెళ్తున్నాం

అందరికీ నమస్తే! మన లాస్ ఏంజలస్ బొమ్మల క్లాస్ పిల్లలు, అమ్మానాన్నలు అందరూ ఒకసారి చదవండి.

ఈ శనివారం ఉదయం 8:30కి వ్యాలీ గ్లెన్‌లో కలుద్దాం. కోల్డ్‌వాటర్ కాన్యన్ అవెన్యూ పక్కన వరద కాలువ గోడ మీద చిత్రకారిణి జూడీ బాకా వేయించిన 'గ్రేట్ వాల్ ఆఫ్ లాస్ ఏంజలస్' అనే మ్యూరల్ (గోడబొమ్మ) చూస్తాం. పొడవు 2,754 అడుగులు, అంటే దాదాపు అర మైలు నడక! మంచి బూట్లు వేసుకోండి.

బాకా 1946లో ఇక్కడే పుట్టారు. చిన్నప్పుడు బడిలో స్పానిష్ మాట్లాడనివ్వలేదట, టీచర్ ఓ మూల కూర్చోబెట్టి బొమ్మలు వేసుకోమన్నారట. 1970లో పార్కులో వేసిన మ్యూరల్‌లో చేతులు చాచి నిలబడ్డది వాళ్ల అమ్మమ్మే. 1976లో ఈ గోడ మొదలైంది. వానాకాలం కాలువలో నీళ్లొస్తాయి కాబట్టి పని వేసవిలోనే. 400 మందికి పైగా కుర్రాళ్లు రంగులు వేశారు. మన పిల్లలు ఒక్క చార్ట్ దగ్గరే కొట్టుకుంటారు, అది వేరే సంగతి 😄

ఎంతమంది వస్తారో గురువారం రాత్రికల్లా ఇక్కడే చెప్పండి. స్కెచ్‌బుక్, పెన్సిల్, టోపీ, నీళ్ల సీసా మర్చిపోవద్దు. వాటర్ కలర్స్ వద్దు, కార్లు పాడవుతాయి.

కంచె దాటి కాలువలోకి దిగకూడదు. చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు, ప్లీజ్.

టిఫిన్‌కి ఇడ్లీ నేను తెస్తున్నా. చట్నీ ఎవరు తెస్తారు?