గేటు దగ్గరే ఆగిపోయే మర్ఫా

సంపాదకుడు గారికి,

ఈ మధ్య మా ఇంటికి దగ్గర్లో ఒక సంస్థ వార్షికోత్సవానికి వెళ్ళాను. ముఖ్య అతిథికి స్వాగతం పలకడానికి ఏసీ గార్డ్స్ బస్తీ నుంచి డోళ్ళు వాయిస్తూ ఆడే మర్ఫా జట్టును పిలిపించారు. పదకొండింటికి వస్తానన్న పెద్దమనిషి ఒంటిగంటకు వచ్చాడు. ఆ రెండు గంటలూ ఎనిమిది మంది గేటు బయట ఎండలో నిలబడ్డారు. కారు కనపడగానే వాయించారు, ఆడారు. ఆయన ఫోన్ చెవిన పెట్టుకుని వాళ్ళ మధ్యలోంచే లోపలికి వెళ్ళిపోయాడు. తర్వాత స్టేజీ మీద కూచిపూడి, పేరిణి, డప్పు నృత్యం అన్నీ అయ్యాయి. ఒక్కోదానికీ పరిచయం, చప్పట్లు, శాలువా. గేటు దగ్గరివాళ్ళకు మాత్రం ఒక కవరు, బిర్యానీ పొట్లాలు. ఆహ్వాన పత్రికలో వాళ్ళ ఊసే లేదు.

నేను బయటికి వచ్చేసరికి వాళ్ళలో పెద్దాయన, యాభై దాటి ఉంటాయి, ఫుట్‌పాత్ మీద కూర్చుని మోకాలికి ఉన్న క్రేప్ బ్యాండేజీ విప్పి మళ్ళీ బిగించి కట్టుకుంటున్నాడు. జట్టులో అందరికన్నా కిందికి వంగి ఆడింది ఆయనే. పక్కన నిలబడ్డ ఓ డ్రైవర్ "ఏ దేశం మీది, నైజీరియానా?" అని అడిగాడు. "నై సాబ్, ఏసీ గార్డ్స్" అన్నాడాయన తలెత్తకుండానే. ఆ తర్వాత నావైపు చూసి తెలుగులో, "మా తాత కూడా ఈడనే పుట్టిండు సార్" అన్నాడు. ఈ ప్రశ్న ఆయనకు కొత్త కాదని గొంతులోనే తెలిసిపోయింది.

విజయనగర్ కాలనీలో ముప్పై ఏళ్ళుగా ఉంటున్నాను. ఏసీ గార్డ్స్ మాకు పక్క బస్తీ. ఆ పేరులోని 'ఏసీ' అంటే ఏమిటని మా వీధిలో నలుగురిని అడిగితే ముగ్గురు తప్పు చెప్తారు, నేనూ చాలాకాలం పోలీసు శాఖకు సంబంధించిందేమో అనుకున్నాను. అది ఆఫ్రికన్ క్యావల్రీ గార్డ్స్. ఆఫ్రికా మూలాలున్న సిద్దీల అశ్వదళం. 19వ శతాబ్దంలో వనపర్తి రాజావారి దగ్గర ఉన్న ఆఫ్రికన్ అంగరక్షకుల దళం తర్వాత నిజాం కొలువుకు మారింది. 1948 పోలీసు చర్య తర్వాత నిజాం సైన్యం రద్దయింది. గుర్రాలు పోయాయి, జీతాలు పోయాయి, ఇళ్ళున్న బస్తీ మాత్రం మిగిలింది. ఆ ఇళ్ళలోనే మర్ఫా కూడా మిగిలింది.

మర్ఫా అంటే మెడకు తగిలించుకుని సన్నటి బెత్తాలతో కొట్టే గిన్నెలాంటి వాద్యం. పక్కన ఢోలు, దానికి తోడు ఒక స్టీలు బిందె. ఆ బిందె మోత లేకపోతే ఊపు రాదు. ఇందులో బార్కస్ ప్రాంతంలో స్థిరపడ్డ యెమెన్ అరబ్బులకూ వాటా ఉంది. అయితే ఆ దరువుకు సిద్దీలు ఆడే తీరు వేరు. మోకాళ్ళు మడిచి, నడుము వంచి, భుజాలతో దరువును పట్టుకుంటూ ముందుకొస్తారు. బెత్తాల వేగం పెరిగేకొద్దీ అడుగులు చిన్నవవుతాయి, చివరికి నిలబడ్డచోటే ఒళ్ళంతా ఆడుతుంటుంది. పెళ్ళి బారాత్‌లోనో నాయకుల ఊరేగింపులోనో ఇది చూడని హైదరాబాదీ ఉండడు. చూసి, తానూ నాలుగు స్టెప్పులేసి, 'బ్యాండ్ వాళ్ళు' అనేసి వెళ్ళిపోతాడు. నా బాధంతా ఆ మాట దగ్గరే. వాళ్ళు కళాకారులు. తాతల నుంచి తండ్రులకు, తండ్రుల నుంచి పిల్లలకు ఇంట్లోనే నేర్పుకున్న కళ అది. స్కూలూ లేదు, సర్టిఫికెట్టూ లేదు.

ఇది తెలంగాణ కళ ఎలా అవుతుందని ఒక మిత్రుడు వాదించాడు. వనపర్తి ఏ రాష్ట్రంలో ఉందని అడిగాను. ఉమ్మడి రాష్ట్రంలో వెనకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ జాబితా చేసినప్పుడు 'సిద్ది, యాబా, హబ్షీ, జాసీ' అని ఈ మనుషుల్ని ప్రభుత్వమే రాసుకుంది. కులం గడి నింపడానికి ఇక్కడివాళ్ళైనవాళ్ళు ఆట దగ్గరికొచ్చేసరికి పరాయివాళ్ళు ఎలా అవుతారు? వేరే రాష్ట్రాల్లోనూ సిద్దీలు ఉన్నారు. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో, యల్లాపుర, హళియాళ వైపు ఉన్న సిద్దీలకు 2003లో ఎస్టీ హోదా వచ్చింది. వాళ్ళ డమామీ నృత్యానికి అక్కడ గుర్తింపు ఉంది. గుజరాత్‌లో బావా గోర్ దర్గాను కొలిచే సిద్దీలు ధమాల్ ఆడతారు, గాల్లోకి ఎగరేసిన కొబ్బరికాయను తలతో పగలగొడతారు. ఆ జట్లు విదేశాల్లో కూడా ప్రదర్శనలిచ్చి వచ్చాయి. మనకు రవీంద్రభారతి నుంచి ఏసీ గార్డ్స్ నడిచి వెళ్ళేంత దూరం. ఇన్నేళ్ళలో ఆ స్టేజీ మీద మర్ఫాను ఒక ప్రోగ్రాంగా నేనైతే చూడలేదు.

2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. గుండెలదిరే ఆ మోత తగ్గితే మంచిదే, మా ఇంట్లో పెద్దావిడకు బీపీ కూడా. కానీ డీజే వచ్చి తినేసిన ఊరేగింపులు ఈ జట్లకు వెనక్కి రావాలంటే ఊరికే నిషేధిస్తే సరిపోదు. ఊరేగింపు నిర్వాహకులకు పర్మిషన్ ఇచ్చేటప్పుడే మర్ఫా, డప్పు జట్ల ఫోన్ నంబర్లున్న ఒక కాగితం చేతిలో పెట్టొచ్చు కదా? ఖర్చు ఏమంత అవుతుంది, ఒక జిరాక్సు.

ఇక సాంస్కృతిక శాఖ వారికి నా విన్నపం. ఈ జట్లలో ఆడేవాళ్ళకు, వాయించేవాళ్ళకు కళాకారుల గుర్తింపు కార్డులివ్వండి. కార్డు ఉంటే వృద్ధ కళాకారుల పెన్షన్ అడగడానికి చేతిలో ఒక ఆధారమైనా ఉంటుంది. మోకాలికి బ్యాండేజీ కట్టుకున్న ఆ పెద్దాయన ఇంకెన్నేళ్ళు ఆడగలడు? తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. అక్కడి వారు ఓ నాలుగు రోజులు ఏసీ గార్డ్స్‌లో కూర్చుంటే, పాత దరువులు ఎన్ని రకాలు, ఏది ఏ సందర్భంలో వాయిస్తారు, వాటికి ఏ పేర్లున్నాయి అన్నది పెద్దవాళ్ళ నోట రికార్డు చేయొచ్చు. ఆ పెద్దాయనే ఆ రోజు నాకు రెండు దరువుల పేర్లు చెప్పాడు, మూడోది గుర్తుచేసుకోబోయి, "మా నాన్నకు తెల్సు" అని ఆగిపోయాడు. తండ్రి పోయి పదేళ్ళయిందట.

బస్తీలోనే దీనికి అడ్డుపడేవాళ్ళు ఉన్నారని కూడా ఒప్పుకోవాలి. పాటలూ ఆటలూ మనకెందుకు అనే పెద్దలున్నారు. చదువుకున్న కుర్రాళ్ళకు బిందె పట్టుకుని రోడ్డు మీద నిలబడటం నామోషీగా ఉంది. అలా అనిపించడంలో వాళ్ళ తప్పేం లేదు. జనం వాళ్ళ రంగును చూసి వేసే జోకులు నేనూ విన్నాను. చిన్నప్పుడు ఒకట్రెండు నేనూ వేసి ఉంటాను. స్టేజీ మీదికి పిలిచి, మైకులో పేరు చదివి, చెక్కు చేతికిస్తే ఆ కుర్రాళ్ళలో కనీసం ఇద్దరు ముగ్గురు మిగులుతారని నా ఆశ.

ఏటా జూన్ 2న రాష్ట్ర అవతరణ వేడుకల్లో అన్ని జానపద కళలనూ వరసగా నిలబెడతారు. ఈసారి ఆ వరసలో ఒక మర్ఫా జట్టు ఉండాలి. గేటు దగ్గర కాదు, లోపల. ఆహ్వాన పత్రికలో జట్టు పేరు, ఆడేవాళ్ళ పేర్లు అచ్చు వేయాలి. శాఖలో ఎవరైనా వెళ్దామనుకుంటే ఏ మధ్యాహ్నమైనా మాసాబ్ ట్యాంక్ దగ్గర దిగి మర్ఫా వాళ్ళిల్లు ఎక్కడని అడిగితే చాలు, చిన్నపిల్లలైనా దారి చూపిస్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
విజయనగర్ కాలనీ, హైదరాబాద్