పిల్లల బీమా ఎవరు కట్టాలో రాజీ పత్రంలోనే రాయండి

సంపాదకుడికి,

శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లో కుదిరే విడాకుల రాజీ పత్రాల్లోనూ, లోక్ అదాలత్‌లో తేలే భరణం కేసుల్లోనూ నెలకు ఎంత ఇవ్వాలి, బడి ఫీజు ఎవరిది, తండ్రి ఏ ఆదివారం పిల్లల్ని చూడాలి అన్నవన్నీ రాస్తారు. ఆరోగ్య బీమా సంగతికి వచ్చేసరికి ‘వైద్య ఖర్చులు తండ్రివే’ అని ఒక ముక్క రాసి వదిలేస్తారు. అది చాలదు.

ఆరోగ్య బీమా ప్రీమియం మీద ఆదాయపు పన్నులో ఇచ్చే, అందరికీ 80డిగా తెలిసిన మినహాయింపు ఆ ప్రీమియం కట్టినవారికే వస్తుంది. తనకు, భార్య లేదా భర్తకు, తన మీద ఆధారపడ్డ పిల్లలకు కలిపి ఏడాదికి రూ.25,000 వరకు. పిల్లలు ఎవరింట్లో ఉంటున్నారని చట్టం అడగదు. కానీ ప్రీమియం నగదుగా కడితే మినహాయింపు లేదు. చిక్కంతా ఇక్కడే. తండ్రి రూ.22,000 తల్లి ఖాతాకు వేస్తాడు, ఆమె ఏజెంటు చేతికి నగదు ఇస్తుంది: ఇద్దరికీ సున్నా. ఆమె ఫోన్‌లో కడితే హక్కు ఆమెది, అయితే ఆమెకు పన్ను పడే ఆదాయమే లేకపోవచ్చు. అదే తండ్రి తన ఖాతా నుంచి బీమా సంస్థకు నేరుగా కడితే, 20 శాతం శ్లాబులో సెస్సుతో కలిపి రూ.4,576 మిగులుతుంది. పాత పన్ను విధానం ఎంచుకుంటేనే సుమా. ఏమీ ఎంచుకోకపోతే వర్తించే కొత్త విధానంలో ఈ మినహాయింపు లేదు.

ఇంటిల్లిపాదికీ కలిపి తీసుకునే ఫ్లోటర్ పాలసీలో మాజీ భార్య పేరు ఉండిపోతే ఆమె వాటా ప్రీమియం లెక్కలోకి రాదు. రెన్యూవల్‌లో విడదీయించుకోవాలి. ఒకే ప్రీమియాన్ని ఇద్దరూ చూపకూడదు. రిటర్నులో ఇప్పుడు పాలసీ నంబరు కూడా అడుగుతున్నారు.

పన్ను కంటే పెద్ద నష్టం ఇంకోటుంది. రెన్యూవల్ మెసేజ్ తండ్రి ఫోన్‌కే వెళ్తుంది. ఆయన కట్టకపోతే, బిడ్డను విశాఖ ఆసుపత్రిలో చేర్చి కార్డు చూపించేదాకా తల్లికి తెలియదు. ఏడాది ప్రీమియం పాలసీకి తేదీ దాటాక కట్టడానికి 30 రోజుల గడువు ఉంటుంది గానీ ఆ మధ్యలో చేసిన చికిత్సకు క్లెయిం రాదు. గడువు దాటితే పాత జబ్బులకు క్లెయిం రాని కాలం (వెయిటింగ్ పీరియడ్) మళ్లీ మొదటికొస్తుంది.

కాబట్టి రాజీ పత్రంలో పాలసీ నంబరు, కట్టేవారి పేరు, ఏ ఖాతా నుంచి, ఏ తేదీలోగా కట్టాలి, రసీదు నకలు ఎన్ని రోజుల్లో రెండోవారికి పంపాలి అన్నవి ఒక పేరాగా రాయాలి. సంతకాలకు ముందు పత్రం చదివి వినిపించేటప్పుడే ఆ పేరా ఉందో లేదో చూడాలని రెండు జిల్లాల న్యాయవాదులను, లోక్ అదాలత్ సభ్యులను కోరుతున్నాం.

— పన్ను రిటర్నుల పని చేసే పాఠకులు, విజయనగరం