బొమ్మలు సర్దే ముందు ఒక్కసారి చదవండి

అందరికీ నమస్కారం. ఇల్లంతా బొమ్మలే అని విసిగిపోతున్నవాళ్ళు ముందు కొత్త డబ్బాలు కొనకండి. సగం బొమ్మలు అట్టపెట్టెలో వేసి అటకెక్కించండి, రెండు మూడు వారాలకోసారి మార్చండి. పాతవే కొత్తవాటిలా ఆడుకుంటారు. 2018లో వచ్చిన అమెరికాలోని టొలీడో యూనివర్సిటీ పరిశోధనలో 16 బొమ్మలు ముందున్నప్పటి కంటే 4 ఉన్నప్పుడే చిన్నపిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారు.

చక్రం ఊడిన కారు, ముక్కలు పోయిన పజిల్ తీసేయండి. బటన్ బ్యాటరీ (నాణెంలా గుండ్రంగా ఉండే చిన్న బ్యాటరీ) బొమ్మల మూత స్క్రూ వదులైందేమో ఇవాళే చూడండి. ఆ బ్యాటరీ మింగితే ప్రాణం మీదకొస్తుంది, దీన్ని మాత్రం దయచేసి వాయిదా వేయొద్దు.

ఎవరికైనా ఇచ్చేవి పిల్లల్ని అడిగే ఇవ్వండి. చెప్పకుండా మాయం చేస్తే మిగిలినవాటిని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. మూతల్లేని బుట్టలు కింది అరలో పెడితే సర్దడం వాళ్ళకీ తేలికే.