పిల్లల మనసుకు పరీక్షే తప్ప చికిత్స లేదా?

సంపాదకుల వారికి,

నమస్కారాలు. పదహారేళ్లు దాటిన పిల్లవాడెవరైనా ఘోరమైన కేసులో పట్టుబడిన ప్రతిసారీ, అతణ్ని పెద్దవాడిగా పరిగణించి విచారించాలా వద్దా అన్న చర్చ పత్రికల్లో, టీవీల్లో హోరెత్తుతుంది. కేసు తేలేదాకా ఇలాంటి పిల్లలను ఉంచే పరిశీలన గృహంలో ఆ పిల్లవాడు అడుగుపెట్టిన రాత్రి నుంచి అతని మానసిక స్థితిని ఎవరు కనిపెట్టి చూస్తున్నారన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. ప్రొబేషన్ అధికారిగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కనుక ఆ ప్రశ్నను మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, కనీస శిక్ష ఏడేళ్లు లేదా అంతకు మించి ఉన్న నేరం చేశాడని పదహారేళ్లు నిండిన బాలుడిపై అభియోగం వచ్చినప్పుడు, ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం అతనికి ఉందా, దాని పర్యవసానాలు అతనికి తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు అంచనా వేయాలి; పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది దాన్నిబట్టే తేలుతుంది. బోర్డులో బాలల మనస్తత్వ శాస్త్రంలోనో, బాలల మానసిక వైద్యంలోనో పట్టా ఉండి ఆ వృత్తిలో ఉన్నవారు లేనప్పుడు నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అని 2022 జులైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అది అవసరమైన తీర్పే. కానీ నేను చూసినంత వరకు, మానసిక నిపుణుడు పరిశీలన గృహం గడప తొక్కేది ఈ అంచనా కోసమే. బోర్డుకు నివేదిక అందాక ఆ పిల్లవాడికి నిద్ర పడుతోందా, చేతులు కోసుకుంటున్నాడా, అన్నం తింటున్నాడా అని అడిగే బాధ్యత ఎవరిదీ కాకుండా పోతోంది.

ఇందులో మరో చిక్కుంది. కొన్నిచోట్ల పిల్లవాడి కష్టసుఖాలు వినవలసిన కౌన్సెలరే బోర్డుకు నివేదిక కూడా రాస్తారు. తాను నమ్మి చెప్పుకున్న మాట రేపు తన మీదే కాగితంగా మారుతుందని తెలిసిన పిల్లవాడు నోరు విప్పడు, విప్పకపోతే మొండివాడని రాస్తారు. పిల్లల గోప్యత హక్కును ఈ చట్టమే మూల సూత్రాల్లో ఒకటిగా చేర్చింది. కాబట్టి చికిత్స చేసేవారు, అంచనా వేసేవారు ఒకరే కాకూడదు.

గంజాయి సంగతి విడిగా చెప్పాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ కేసుల్లో వచ్చే పిల్లల్లో దానికి అలవాటుపడ్డవారు కనిపిస్తూనే ఉన్నారు. హఠాత్తుగా మానేసిన తొలి రోజుల్లో నిద్ర ఉండదు, ఆకలి ఉండదు, మాటమాటకీ చిరాకు వస్తుంది. వైద్యుడికి ఇవి లక్షణాలు, పరిశీలన గృహం (హోమ్) సిబ్బందికి మాత్రం పొగరు. పిల్లలకు మత్తు పదార్థాలు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష పడవచ్చని బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ చెబుతోంది. అంటే ఈ పిల్లవాడు ఒక నేరంలో నిందితుడైనా, మరో నేరంలో బాధితుడు. ఆ బాధితుడికి చేయవలసిన వైద్యం మాటేమిటి?

చట్టంలో లోటు లేదు. శిక్షణ పొందిన కౌన్సెలర్లు ఉండాలని, లేదా బయటి మానసిక వైద్య విభాగాల సహకారంతో ఒక్కొక్క బిడ్డకు క్రమం తప్పని చికిత్స అందాలని ఈ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాలు చెబుతున్నాయి. మానసిక ఆరోగ్య సేవలు పొందే హక్కును 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రతి ఒక్కరికీ ఇచ్చింది, హోమ్‌లో ఉన్న బిడ్డను మినహాయించలేదు. ఆచరణలో మాత్రం ఎస్కార్టు పోలీసులు దొరికిన రోజే ఆస్పత్రి ప్రయాణం. జిల్లా కేంద్రంలోని పిల్లవాణ్ని ఎర్రగడ్డకో, విశాఖపట్నం మానసిక చికిత్సాలయానికో తీసుకెళ్లాలంటే ఒక రోజంతా పడుతుంది. అందుకే పిల్లలను తిప్పడం మాని వైద్యులనే రప్పించాలి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద పనిచేసే వైద్యులు వారంలో ఒక నిర్ణీత రోజున పరిశీలన గృహానికి రావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అయిన టెలి మానస్ 14416 నంబరుకు పిల్లలు ఏకాంతంగా మాట్లాడుకునే ఏర్పాటు ఉండాలి. కౌన్సెలర్లను ఏడాదికోసారి మారిపోయే కాంట్రాక్టుల మీద కాక స్థిరమైన జీతంతో నియమించాలి, ఎందుకంటే నమ్మకం కుదరడానికే ఆ పిల్లలకు నెలలు పడుతుంది.

అన్నిటికంటే నన్ను బాధించేది బెయిలు వచ్చిన రోజు. చాలామంది కొద్ది వారాల్లోనే ఇంటికి వెళ్లిపోతారు, మొదలైన చికిత్స అక్కడితో ఆగిపోతుంది. ఏ ఆస్పత్రికి, ఏ రోజున, ఎవరి దగ్గరకు వెళ్లాలో, ఏ మందు ఎన్నాళ్లు వాడాలో తెలుగులో రాసిన కాగితం విడుదల వేళ తల్లిదండ్రుల చేతికి ఇవ్వాలి. ఆ తర్వాత ఆరు నెలల పాటు జిల్లా బాలల పరిరక్షణ విభాగం ఆ ఇంటికి వెళ్లి వాకబు చేయాలి. బాలల న్యాయ చట్టానికి 2021లో చేసిన సవరణతో ఈ విభాగాల పర్యవేక్షణ కలెక్టర్లకు దఖలు పడింది కనుక, ఇందుకు కొత్త చట్టం కోసం ఎదురుచూడనవసరం లేదు. రెండు రాష్ట్రాల కలెక్టర్లు తమ తమ జిల్లాల్లో ఈ మేరకు ఉత్తర్వులు జారీ చేయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయురాలు,
విశ్రాంత ప్రొబేషన్ అధికారి, వరంగల్